రూతు గ్రనోలా, నా ముక్కు

నరసాపురం నుంచి

నేను దుబాయ్ వెళ్ళొచ్చానని తెలిసి, బ్లౌజు కొలతలివ్వడానికి నా మిషను దగ్గరికొచ్చే ఆడవాళ్ళంతా ముందు బంగారం ధర అడిగారు. తర్వాత ఎత్తైన మేడల గురించి అడిగారు. మేడల్ని బస్సు కిటికీలోంచి చూశాను. బంగారం కొట్ల ముందు నుంచి నడిచాను. అక్కడ నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం అల్ ఐన్ అనే ఊళ్ళో, ఒక వంటగదిలో. మా చెల్లెలు రూతు అందులో గ్రనోలా చేస్తుంది.

గ్రనోలా అంటే ఏమిటో వెళ్ళేదాకా నాకూ తెలియదు. ఓట్స్‌లో బాదం పలుకులు, నువ్వులు, గుమ్మడి గింజలు వేసి, తియ్యటి పాకం, కాస్త నెయ్యో నూనో పోసి కలుపుతారు. పళ్ళెంలో పరిచి ఓవెన్‌లో ఎర్రగా వేయిస్తారు. చల్లారితే గలగలలాడుతుంది. పొద్దున్న పాలల్లోనో పెరుగులోనో వేసుకుని తింటారు. సాయంత్రం ఉత్తినే గుప్పెడు నోట్లో వేసుకుంటారు. మనం అటుకుల్లో బెల్లం, కొబ్బరి కలుపుకుంటామే, దానికి దూరపు చుట్టం అనుకోండి.

రూతు భర్తతో విడిపోయాక ఆ దేశం వెళ్ళింది. ఒక అరబ్బుల ఇంట్లో వంటకి కుదిరి చాలా ఏళ్ళయింది. కరోనా సద్దుమణిగి విమానాలు మామూలుగా తిరగడం మొదలెట్టిన చలికాలంలో ఫోన్ చేసింది.

“అక్కా, టికెట్ నేను తీస్తాను. నువ్వొక్కసారి రావాలే. మేడమ్‌ని అడిగాను, నా గదిలోనే ఉండొచ్చంది.”

“ఎందుకే అంత అర్జెంటు?”

“ఊరికే. చూడాలనిపించింది. రావే.”

బెంగ పెట్టుకుందనుకున్నాను. చర్చిలో ప్రార్థన చేయించుకుని, దానికిష్టమని మడత కాజాలు ఒక డబ్బాలో సర్ది బయల్దేరాను.

బర్ దుబాయ్

రూతుకి సెలవు దొరికేదాకా బర్ దుబాయ్‌లో సత్యవతి వదిన దగ్గర ఉన్నాను. మా ఊరి పక్కనే మొగల్తూరు ఆవిడది. నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఒకే గదిలో మూడు జతల పైమంచం, కింది మంచం. ఒక్కొక్కరి మంచానికీ పాత చీర కట్టిన తెర. ఎవరి తెర వాళ్ళు లాక్కుంటే అదే ఇల్లు. వెళ్ళిన రోజున నా కోసం కింది మంచం ఖాళీ చేసి, ఆవిడ పైకెక్కింది. “నాకలవాటేనండీ ఆయ్” అంటూ ఎక్కుతుంటే మంచం కిర్రుమంది.

మర్నాడు పొద్దున్న అందరూ పనులకి పరుగులు. వదిన నాకో చిన్న పొట్లం చూపించి, “ఇది పాలల్లో పోసుకుని తినెయ్యండి, ఫ్రిజ్‌లో ఉన్నాయి” అని వెళ్ళిపోయింది. పని చేసే ఇంటివాళ్ళు ఇచ్చారట. పొట్లం మీద ధర ఇరవై నాలుగు దిర్హామ్‌లు. మన డబ్బుల్లో ఐదొందలు! దాంట్లో ఉన్నది రెండు గిన్నెలకి సరిపడా. భయభయంగా సగం వంచుకుని, ఫ్రిజ్‌లోని తెల్లటి సీసాలోంచి ధారగా పోసుకుని, ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పుల్లగా, ఉప్పగా ఉంది. అది పాలు కాదు, లబన్ అనే మజ్జిగ. ఐదొందల రూపాయల సరుకు పారెయ్యడానికి మనసొప్పక, ముక్కు మూసుకుని ఆఖరిదాకా తినేశాను. సాయంత్రం అది విని తెరల వెనక నుంచి ఐదుగురూ నవ్వారు.

కుట్టుపని చేసేదాన్ని కాబట్టి అక్కడి బట్టల బజారులో మాత్రం నాకు ఎవరూ దారి చూపించక్కర్లేకపోయింది. ఒక పాకిస్తానీ దర్జీ ఆడవాళ్ళ జాకెట్టు కుడుతుంటే గుమ్మంలో నిలబడిపోయాను. టేపు వాడకుండా, తెచ్చిన పాత జాకెట్టుని బెత్తలతో కొలిచి కొత్త గుడ్డ కత్తిరించేస్తున్నాడు. నేనూ దర్జీనేనని సైగ చేస్తే కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. మాకిద్దరికీ మాటలు కలవలేదు. చేతి కుట్టు చూపించుకుంటూ చాలాసేపు కూర్చున్నాం.

డేరా

రూతు వచ్చింది. కరోనాకి ముందు ఊరొచ్చినప్పుడు చూసినదానికంటే చిక్కింది. కావలించుకుంటే ఘాటైన సబ్బు వాసన, దాని మీద అత్తరు. “ఏంటే, పెళ్ళికొడుకులా గుమాయిస్తున్నావు?” అన్నాను. నవ్వుతుందనుకుంటే, “ఎక్కువైందా?” అని కంగారుగా అడిగింది.

ఉప్పునీటి కాలవకి అవతలున్న డేరా అనే పేటకి వెళ్ళడానికి అబ్రా ఎక్కాం. చెక్కపడవ, మనిషికి ఒక దిర్హామ్. మా గోదావరి రేవులో పంటు ఎక్కినట్టే ఉంది గానీ, ఇక్కడ ఎవరూ మేకల్ని ఎక్కించలేదు. అవతలి ఒడ్డున మసాలా దినుసుల బజారు. మస్తాన్ అనే రాయచోటి ఆయన ఒక కొట్లో పనిచేస్తున్నాడు. రూతు ఎప్పుడూ ఆయన దగ్గరే కొంటుందట.

“ఏం మా రూతమ్మా, శానా దినాలకి! ఈమె ఎవురు?”

“మా అక్క, భాయ్. ఊరి నుంచి వచ్చింది.”

“అట్నా! కూచో మా, కూచో. యాడి నుంచి యాడికొచ్చినావు!” అంటూ మాకు రెండు గ్లాసుల్లో కుంకుమపువ్వు టీ పోశాడు.

రూతు బాదం పప్పుల సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసి కొరికింది. “బాగున్నాయి, ఐదు కిలోలు” అంది. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. పాత నూనె కంపు.

“ఇవేంటే, ముక్కిపోయాయి!”

మస్తాన్ ఒకటి నమిలి, మొహం చిట్లించాడు. “నిజమే మా. ఇది అడుగు సంచి. పిల్లోళ్ళు ముందర పెట్టినట్టుండారు. ఆగు, కొత్తది ఇప్పిస్తా.” లోపలికి వెళ్తూ రూతు వైపు ఒకసారి వింతగా చూశాడు. రూతు టీ గ్లాసు వైపు చూస్తోంది. “జలుబు చేసింది నాకు” అంది. దానికి జలుబు లేదు.

అల్ ఐన్ ఇల్లు

అల్ ఐన్‌కి బస్సు. దారంతా ఇసుక, కంచె, అక్కడక్కడ ఒంటెలు. ఊరు దగ్గర పడుతున్నకొద్దీ చెట్లు. పెద్ద మేడలు లేవు. గుండ్రటి కూడళ్ళలో పూలమొక్కలు, ఎత్తు గోడల ఇళ్ళు, దూరంగా ఒక బోడి కొండ. దుబాయ్‌లో నాకు పట్టేసిన మెడ ఇక్కడ వదిలింది.

రూతు పనిచేసే ఇంటి యజమానురాలు ఆమ్నా మేడమ్. నలభై దాటి ఉంటాయి, గలగలా మాట్లాడుతుంది. ఆవిడ తల్లిని అందరూ మామా అంటారు, అమ్మ అని. పెద్దావిడ కనుబొమ్మల మీద, మూతి మీద ఇత్తడి రంగులో మెరిసే ముసుగు కట్టుకుంటుంది. పాత తరం ఆడవాళ్ళ అలవాటట అది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఖర్జూరం పళ్ళెం నా ఒళ్ళోకి జరిపి, చిన్న గిన్నెలో చేదు కాఫీ పోయించింది. చాలనుకుంటే గిన్నెని అటూ ఇటూ ఊపాలట. నాకా సంగతి తెలియదు. తాగిందల్లా నింపుతూనే ఉన్నారు. రూతు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేదాకా ఐదారు గిన్నెలు తాగాను.

మన ఇళ్ళలో అయితే యజమానురాలి ముందు పనిమనిషి అక్కకి కుర్చీ వేస్తారా అని ఆలోచించాను. అలాగని అంతా సమానమేనని కూడా కాదు. మేడమ్ పిలిచినప్పుడల్లా రూతు తింటున్న ముద్ద వదిలి లేచేది.

గ్రనోలా సంగతి అక్కడే తెలిసింది. కరోనాలో పిల్లలు ఇంట్లో కూర్చుని కొత్తవి అడుగుతుంటే, మేడమ్ ఫోన్లో చూపించినదాన్ని రూతు తన పద్ధతిలో చేసింది. తేనె బదులు ఖర్జూరం పాకం, వెన్న బదులు నెయ్యి, దాంట్లో ఏలకులు, ఎండుకొబ్బరి. పిల్లలు, చుట్టాలు, వాళ్ళ చుట్టాలు డబ్బాలు పట్టుకుపోయారు. ఇప్పుడు మేడమ్ ఊళ్ళో చిన్న కేఫ్ పెడుతోంది. పెరుగులో గ్రనోలా దాని ప్రత్యేకత. దానికోసం పెరటి వైపు కొత్త వంటగది కట్టించి పెద్ద ఓవెన్ తెప్పించింది. రూతుని ఇంటి పని వీసా మీంచి కేఫ్ వంటమనిషి వీసాకి మారుస్తానంది. విడిగా గది, వారానికో సెలవు.

“నీ పేరు మీద వంటమనిషి అని రాస్తారా?” అన్నాను.

“రాస్తారంట.” ఆ మాట అన్నప్పుడు దాని మొహంలో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది. ఆ శనివారం మేడమ్ అక్కచెల్లెళ్ళు రుచి చూడ్డానికి వస్తున్నారట.

కొత్త వంటగది

మర్నాడు పొద్దున్న రూతు పెద్ద బేసిన్లో సరుకులు కలిపి, రెండు పళ్ళేలు ఓవెన్లో పెట్టింది. నేను స్టూలు మీద కూర్చుని ఊరి కబుర్లు చెప్తున్నాను. కాసేపటికి నెయ్యి, ఏలకుల వాసన కమ్మగా వచ్చింది. ఇంకాసేపటికి నువ్వులు వేగిన వాసన. ఆ తర్వాత మాడు మొదలైంది. రూతు ఓవెన్ పక్కనే నిలబడి, గడియారం చూస్తూ, “ఊఁ, తర్వాత ఏమన్నాడు ఆ పాస్టరు గారబ్బాయి?” అని అడుగుతోంది.

“రూతూ, మాడిపోతోందే!”

ఉలిక్కిపడి తలుపు తీసింది. అంచులన్నీ నల్లబడ్డాయి. పళ్ళెం బల్ల మీద పడేసి, చేతి గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కింద కూలబడింది.

నేను పక్కన కూర్చున్నాను. మొహం మీంచి గుడ్డ తియ్యకుండానే చెప్పింది.

“నాకు వాసన రాదక్కా. కరోనా వచ్చినప్పుడు పోయింది. మళ్ళీ రాలేదు.”

“రెండేళ్ళ నుంచా?”

“ఉప్పు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, కారం తెలుస్తుంది. అంతే. నువ్వు తెచ్చిన కాజాలు తీపి ముద్దలా ఉన్నాయి. ఒళ్ళు చెమట కంపు కొడుతుందో లేదో తెలీక రోజుకి మూడుసార్లు నీళ్ళు పోసుకుంటున్నాను. ఎవరైనా కొంచెం ఎడంగా నిలబడితే చాలు, నావల్లే అనుకుంటాను.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా చేశావే?”

“లోపల పాత ఓవెన్లో ఎలాగో కుదిరేది. ఇది కొత్తది, ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా కాల్తుంది. మూడుసార్లు మాడింది. మేడమ్‌కి తెలీకుండా పారేశాను. అందుకే నిన్ను రమ్మన్నాను.” గుడ్డ తీసి నా వంక చూసింది. “నీ ముక్కు కోసం.”

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మాడినదంతా సంచిలో పోసి మూట కట్టి, మళ్ళీ కలిపాం. ఈసారి నేను ఓవెన్ దగ్గర నిలబడ్డాను. నువ్వుల వాసన బాగా లేవగానే “తియ్” అన్నాను. తీసింది. బంగారు రంగులో, గలగలలాడుతూ వచ్చింది. మేడమ్ వచ్చి ఒక గుప్పెడు తిని, “జైన్, జైన్” అంటూ రూతు భుజం తట్టి వెళ్ళింది. బాగుందని.

ఖర్జూరం తోటలో

మధ్యాహ్నం పని లేని వేళ ఇద్దరం ఖర్జూరం తోటలకి నడిచాం. ఊరి మధ్యలోనే ఉన్నాయి. చెట్ల మధ్య ఇటుకల దారి, పక్కన సన్నటి కాలవ. మన పొలం బోదెలాగే ఉంది, కాకపోతే అంచులు నున్నగా కట్టారు. ఒకతను నీళ్ళకి అడ్డు తీస్తూ తెలుగు విని తలెత్తాడు. జగిత్యాల వైపు వాడట.

“ఏ ఊరక్కా మీది? ఖజూర్లు తింటరా? ఇగో, పట్టుండ్రి” అని తన టిఫిన్ మూతలోంచి నాలుగు పెట్టాడు. అక్కడ ఉగాది ఎప్పుడొస్తుందో మర్చిపోయానని, ఫోన్ చూసి పండగ చేసుకుంటానని చెప్పి నవ్వాడు.

కొంచెం దూరం నడిచాక నేను మాట ఎత్తాను. “నేను వెళ్ళిపోయాక ఎలాగే?”

“అప్పటికి ఓవెన్ అలవాటవుద్ది.”

“అలవాటు కాకపోతే? గ్యాసు లీకైతే నీకు తెలుస్తుందా? పిల్లలున్న ఇల్లు. మేడమ్‌తో చెప్పు.”

“చెప్తే ఏమంటది? ముక్కు లేని వంటమనిషి ఎందుకు, ఖలాస్, ఇంటికి పో అంటది. ఊరొచ్చి నేనేం చెయ్యాలి? నీ మిషను పక్కన కూర్చుని గుండీలకి కాజాలు కుట్టనా?”

“కుడితే తప్పేంటి?”

“నీకు అర్థం కాదక్కా. నాకంటూ ఒక పేరు రాబోయేది ఇప్పుడే.”

అంతే, విసవిసా ముందు నడిచింది. పిలిపించుకున్నది ముక్కు కోసమైతే, నోరు ఎందుకు తెరవాలని నాకూ రోషం వచ్చింది. మాటలు లేకుండానే తర్వాతి రెండు పూటలూ పళ్ళేలు ఎక్కించాం, దించాం. “తియ్” అనే ఒక్క మాటే మా మధ్య.

రుచి చూసిన రోజు

శనివారం మేడమ్ అక్కచెల్లెళ్ళు, ఆవిడ వదినగారు వచ్చారు. హాల్లో తివాచీ మీద గిన్నెల్లో పెరుగు, దాని మీద గ్రనోలా, పైన దానిమ్మ గింజలు. మామా పక్కనే దిండుకి ఆనుకుని కూర్చుంది. పళ్ళు లేక ఆవిడ తినలేదు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, తలూపి పక్కన పెట్టేసింది. మిగతావాళ్ళు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. రూతు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మేడమ్ అందరికీ దాన్ని చూపించి ఏదో గొప్పగా చెప్తోంది.

అప్పుడు వదినగారు సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. పూల నీళ్ళు. గ్రనోలాలో చల్లితే ఎలా ఉంటుందని చర్చ మొదలైంది. మేడమ్ మూత తీసి రూతు చేతిలో పెట్టింది. రూతు నాకు తర్వాత చెప్పిన దాన్ని బట్టి మేడమ్ అడిగింది ఇది: “వాసన చూసి నువ్వు చెప్పు. ఏలకులతో కలుస్తుందా, కలవదా? నువ్వు ఎంత అంటే అంతే.”

రూతు సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. అందరూ దాని మొహం వైపే చూస్తున్నారు. ఆ వాసన నా దాకా వస్తోంది, నారింజ పువ్వులది. ఏలకుల్ని మింగేస్తుంది. “వద్దను” అని తెలుగులో అందామని నోరు తెరిచాను. రూతు నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. సీసాకి మూత పెట్టి మేడమ్ చేతికిచ్చేసింది. అరబ్బీలో నెమ్మదిగా నాలుగైదు ముక్కలు చెప్పింది. ముక్కు చూపించింది, ఓవెన్ వైపు చూపించింది, నన్ను చూపించింది.

మేడమ్ మొహం ఎర్రబడింది. గొంతు పెరిగింది. గ్యాసు అనే మాట, పిల్లలనే మాట నాకూ అర్థమయ్యాయి. రెండేళ్ళ పాటు ఎందుకు దాచావని అడుగుతోందట. రూతు తల వంచుకుని నిలబడింది. నేను లేచి దాని పక్కన నిలబడ్డాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

అప్పుడు మామా మాట్లాడింది. గొంతు పెద్దది కాదు గానీ మేడమ్ ఠక్కున ఆగిపోయింది. పెద్దావిడ చాలాసేపు చెప్పింది. వింటూ వింటూ రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మామాకి మొదటి నుంచీ తెలుసట. రోజూ ఇంట్లో సాంబ్రాణిలాంటి ధూపం వేస్తారు. కరోనాకి ముందు రూతు ఆ పొగ సోకితే మొహం తిప్పుకునేదట. తర్వాత ఒకరోజు పొగలో నిలబడే ఇల్లు తుడుస్తుంటే మామా కనిపెట్టింది. చెబితే కూతురు దీన్ని పంపించేస్తుందని ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి రూతు పాత వంటగదిలో గ్రనోలా చేసినప్పుడల్లా జపమాల పట్టుకుని అక్కడే కుర్చీ వేయించుకునేది. సరిగ్గా వేగగానే, “ఖలాస్, యల్లా, కాఫీ పెట్టు” అని తొందర చేసేది. రూతు ఆ విసుగు భరించలేక ఓవెన్ కట్టేసి కాఫీ పెట్టేది. పెరటి వంటగదికి మెట్లున్నాయి. మామా మోకాళ్ళు అంత దూరం నడవనివ్వవు.

“ముసలావిడకి తోచక కూర్చుంటోంది అనుకున్నానే అక్కా” అంది రూతు నాతో తెలుగులో. “ఎన్నిసార్లు తిట్టుకున్నానో మనసులో.”

వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర కూర్చుంది. మామా దాని తల మీద చెయ్యి వేసి, పెరుగు గిన్నె అందుకోమని సైగ చేసింది. తినమని.

తిరుగు ప్రయాణం

మేడమ్ ఆ రోజంతా రూతుతో మాట్లాడలేదు. మర్నాడు దాన్ని కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. లవంగాలు, నిమ్మ తొక్క, గులాబీ నీళ్ళు రోజూ రెండుపూటలా వాసన చూడమన్నాడట. వస్తే రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. గ్యాసు పొయ్యి దగ్గర మోగే యంత్రం పెట్టించారు. వీసా సంగతి కేఫ్ తెరిచాక చూద్దామని మేడమ్ అంది. ఓవెన్ దగ్గర నిలబడడానికి మాయ అనే నేపాలీ అమ్మాయిని తీసుకుంటానంది. తన ఓవెన్ దగ్గర ఇంకొకరు ఏంటని రూతు ఒకరోజు అలిగింది కూడా. నేను వచ్చేసే రోజున మాయకి నువ్వుల వాసన ఎప్పుడు లేస్తుందో నేనే చూపించాను. మాకూ మాటలు కలవలేదు. ముక్కు చూపించి, వేలెత్తి, “ఇప్పుడు” అంటే నేర్చేసుకుంది.

నా పెట్టెలో రెండు డబ్బాల గ్రనోలా సర్దింది రూతు. సత్యవతి వదినకి ఒకటి ఇచ్చాను. ఈసారి నిజం పాలు పోసుకుని తిన్నాం. ఇంకోటి మా చర్చివాళ్ళు పంచుకున్నారు. మా పాస్టరుగారి అమ్మ పళ్ళు లేక పాలల్లో నానబెట్టుకుని తిని, “బానే ఉందిగానీ, అటుకులే నయం” అంది.

కేఫ్ తెరిచారు. రూతు వీసా మారింది. వంటమనిషి అని రాశారు. ఆ కాగితం ఫొటో తీసి పంపింది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు. అది ఏడుస్తోంది.

“అక్కా, మాయ ఇప్పుడే పళ్ళెం తీసింది. కంపు కొడుతోందే!”

“ఏంటి? మాడిపోయిందా?”

“లేదే, బంగారంలా ఉంది. అందరికీ కమ్మగానే ఉందంట. నాకు మాత్రం వెంట్రుకలు కాలినట్టు, బురదలా, ఏదో... చెప్పలేనే. డాక్టరుకి ఫోన్ చేస్తే, ముందు అలాగే వస్తదంట. తప్పుగా వచ్చి, మెల్లగా సరిగ్గా వస్తదంట.”

నేను కత్తెర పక్కన పెట్టేశాను.

“ఎంత కంపే?”

“చచ్చేంత కంపక్కా” అంది రూతు, ఏడుస్తూ నవ్వుతూ. “ఆగు, ఫోన్ పెట్టకు. ఇంకోసారి వాసన చూసొస్తాను.”